పలుపు వేసిన ఫోను

పూర్వం ఒక ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోవాలంటే పెద్ద పరిశోధన అక్కరలేకపోయింది. బీరువా తాళాల గుత్తి ఎవరి కొంగున వేలాడుతున్నదో చూస్తే సరిపోయేది. గుత్తి అత్తగారి కొంగున వుంటే రాజ్యం అత్తగారిది. కోడలి కొంగుకు మారితే రాజ్యం చేతులు మారినట్టే లెక్క. ఇప్పుడు ఆ గుత్తులు లేవు. అంచేత లెక్క కూడా మారింది. ఇంటర్నెట్టు ఎవరి జేబులో వున్నదో చూడండి. ఆ ఇంట్లో ఎవరి వెనక ఎవరు తిరగాలో తెలిసిపోతుంది.

తీగ ద్వారా ఇంటర్నెట్టు పెట్టించుకున్న ఇళ్ల మాట నేను చెప్పడం లేదు. ఆ తీగ రాని వూళ్లు, వచ్చినా నెలనెలా దానికి వేరే డబ్బు కట్టలేని ఇళ్లు మన జిల్లాల్లో ఎన్నో వున్నాయి. అక్కడ ఇంటిల్లిపాదికీ ఒక్కటే ఆధారం: ఇంట్లో ఒకరి ఫోను. దాని నుంచి తక్కినవాళ్లు హాట్‌స్పాట్ పెట్టించుకుంటారు. ఆ ఒక్కరూ బజారుకు వెడితే ఇంటర్నెట్టు కూడా చెప్పులు తొడుక్కుని బజారుకు వెడుతుంది. వారు నిద్రపోతే అదీ నిద్రపోతుంది. వారికి కోపం వస్తే ఇక చెప్పనే అక్కరలేదు.

మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె నర్సంపేట వైపు పల్లె నుంచి వస్తుంది. చక్కగా చదువుతుంది, అక్షరాలు ముత్యాలు. కాని ఇంటి నుంచి పంపవలసిన రాత పని ఎప్పుడూ ఆలస్యమే. ఒకనాడు పిలిచి అడిగాను.

“ఇంట్లో నెట్టు లేదా, అమ్మా?”

“ఉన్నది మేడం. గని అది మా అన్నతోని పోతది.”

“మరి ఎప్పుడు వస్తుంది?”

“అన్న తొమ్మిది దాటినంక వస్తడు మేడం. అన్నం తిన్నంక అడుగుత. ఫోన్ల చార్జింగ్ ఉంటె పెడ్తడు. లేకుంటె రేపు సూద్దాం అంటడు.”

ఆ అన్న చెడ్డవాడేమీ కాడు. పొద్దస్తమానం బండి మీద తిరిగి నాలుగు డబ్బులు తెస్తున్నాడు. రోజుకు అతనికి దొరికేది 2 జీబీ. అందులో తన పనికి పోగా మిగిలినది చెల్లెలికి ఇస్తున్నాడు. అయినా, చదువుకోవడానికి ప్రతి రాత్రీ ఒకరి ముఖం చూసి, మంచి సమయం కనిపెట్టి అడగవలసి రావడం ఎంత బరువో ఆడపిల్లలకు తెలుసు. అడగలేక మానేసిన రోజులు ఎన్నో, ఆ పిల్ల చెప్పలేదు, నేను అడగలేదు.

2020లో ఈ సంగతి ఊరంతటికీ అనుభవమైంది. మార్చి ఆఖరులో దేశమంతా తలుపులు మూసుకున్నది. ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరిలోనూ, టీ-శాట్ చానళ్లలోనూ వచ్చాయి. టీవీలో పాఠం వచ్చేటప్పుడు ముగ్గురు పిల్లలు ఒకేచోట కూచుని వినగలిగారు. పాఠం ఫోనులోకి రాగానే ముగ్గురికీ తగువు వచ్చింది. ఎందుకంటే టీవీ గోడకు వుంటుంది. ఫోను మనిషికి వుంటుంది. తేడా అంతా అక్కడే వున్నది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫోనులోని ఇంటర్నెట్టును యూఎస్‌బీ తీగతో రౌటరుకు ఇచ్చి, ఆ రౌటరు ద్వారా ఇల్లంతటికీ పంచే పద్ధతి ఒకటి వున్నది. దీన్ని యూఎస్‌బీ టెదరింగ్ అంటారు. తెలుగు పంతులమ్మను గనుక మాట పుట్టుక చూడకుండా వుండలేను. ఇంగ్లీషులో టెదర్ అంటే పశువును గుంజకు కట్టే పలుపు. ఎవరు పెట్టారో గాని మాట చక్కగా అమరింది. ఊరంతా తిరిగే ఆవును పలుపు వేసి కొట్టంలో కట్టేస్తే ఇంటిల్లిపాదికీ పాలు దొరుకుతాయి. ఫోను సంగతీ అంతే. ఆండ్రాయిడ్ ఫోనులకు ఈ సదుపాయం 2010లో వచ్చింది. ఫోను సెట్టింగులలో హాట్‌స్పాట్ వున్నచోటనే, దాని కిందనో పైననో ఈ పేరు వుంటుంది. తీగ తగిలిస్తేగాని అది వెలగదు. అందుకే చాలామంది దాన్ని గమనించరు.

మరి రౌటరు చేసే పని ఏమిటి? ఓరుగల్లు వాళ్లకు ఇది చెప్పడం సులువు. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలం నాటి చెరువులు. చెరువు నిండా నీళ్లుంటే చాలదు. తూము వుండాలి, కాలువ వుండాలి, ఏ మడికి ఎప్పుడు ఎంత వదలాలో చూసే నీరటికాడు వుండాలి. పెద్ద రైతు మడి నిండి పొర్లుతూ, చివరి ఆయకట్టు ఎండుతూ వుంటే చెరువు వుండీ లాభం లేదు. మన ఇంట్లో సెల్ టవరు నుంచి సిమ్ము ద్వారా ఫోనుకు వచ్చేది చెరువు నీరు. ఫోను తూము. యూఎస్‌బీ తీగ కాలువ. రౌటరు నీరటికాడు.

“ఫోనే హాట్‌స్పాట్ పెడుతున్నది గదా, మళ్లీ ఈ నీరటికాడు దేనికి?” అని మీరు అడగవచ్చును. ఒక్క పిల్ల, ఒక్క కంప్యూటరు అయితే నిజంగానే అక్కరలేదు. ఇంట్లోనే వుండే ఒక పాత ఫోను, అందులో ఒక సిమ్ము, దాని హాట్‌స్పాటు చాలు. డబ్బు పెట్టి రౌటరు కొనవద్దు. కాని నలుగురైదుగురు వాడే ఇంట్లో ఫోను ఒక్కటే టవరుతో మాట్లాడుతూ, అందరికీ వైఫై పంచుతూ వుంటే వేడెక్కి, బ్యాటరీ కరిగిపోయి, అలసిపోతుంది. ఎన్ని పరికరాలను చేర్చుకోవాలో దానికొక హద్దు వుంటుంది. కాసేపు ఎవరూ వాడకపోతే హాట్‌స్పాట్ దానంతట అదే ఆరిపోవచ్చు. పక్కగది గోడ దాటి వెళ్లడానికి కూడా ఇబ్బందిపడుతుంది. తీగతో రౌటరుకు కలిపితే వైఫై పంచే పని రౌటరు మీద పడుతుంది. ఫోను టవరు సంగతి మాత్రం చూసుకుంటుంది.

మా ఇంటి సంగతి చెబుతాను. హనుమకొండలో మాది రెండంతస్తుల ఇల్లు. సిగ్నలు బాగా అందేది మెట్ల మలుపులోని కిటికీ దగ్గర మాత్రమే. మాకు తీగ ఇంటర్నెట్టు వున్నది గాని, 2023 జూలై వానలలో అది తెగింది. ఆ జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. ఓరుగల్లు, హనుమకొండ కాలనీలలోకి నీళ్లు వచ్చాయి. మా వీధి స్తంభం మీది తీగ నేలకు దిగింది. బాగుచేసే మనిషి వచ్చేసరికి చాలా రోజులు పట్టింది. మావారికి ఇంటి నుంచే ఉద్యోగం, పెద్దమ్మాయికి ప్రవేశాల కౌన్సెలింగు, అత్తమ్మకు పొద్దున్నే భజనలు. ఎవరికి వారు “నాకు హాట్‌స్పాట్” అంటే “నాకు హాట్‌స్పాట్”.

మా పెద్దమ్మాయి సొరుగులో పడివున్న పాత ఫోను తీసింది. అందులో ఒక సిమ్ము వేసింది. కిటికీ గట్టు మీద ఫోను, మెట్ల కింద రౌటరు, మధ్య తీగ. ఈ తీగ 5 మీటర్లు మించకూడదు. అంతకు మించితే మాట అందదు. మేడ మీద టీవీకీ, అత్తమ్మ ఫోనుకూ ఏమీ మార్చవలసిన పని లేకపోయింది. ఎప్పటి వైఫై పేరు అదే, ఎప్పటి పాస్‌వర్డు అదే. వెనక నీరు ఏ చెరువు నుంచి వస్తున్నదో వాటికి తెలియదు.

“తీగ తెగిందంటిరి, మళ్ల భజన ఎట్ల వస్తున్నదే?” అన్నది అత్తమ్మ.

“పాత ఫోనుకు పలుపేసినం నానమ్మా!” అన్నది మనవరాలు.

ఒక సంగతి దాచకూడదు. పెద్ద వరద వస్తే టవర్లు కూడా ఆగవచ్చు. వాటికీ కరెంటు కావాలి, వాటి వెనకా తీగలున్నాయి. కరెంటు పోతే ఫోను తన బ్యాటరీతో బతుకుతుంది గాని, రౌటరు బతకదు. దానికి ఇన్వర్టరో, రౌటరుకు పెట్టే చిన్న యూపీఎస్సో వుండాలి. ఇది రెండో దారి మాత్రమే. కాని ఒకే దారి వున్న ఇంటికీ, రెండు దారులున్న ఇంటికీ కష్టకాలంలో చాలా తేడా.

ఇక ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పుకుందాం. తీగ తగిలించి టెదరింగ్ నొక్కగానే ఫోను ఒక వేషం వేస్తుంది. “నేను ఫోనును కాను, నెట్‌వర్కు కార్డును” అని రౌటరుతో అంటుంది. ఆ వేషానికి తగిన భాషలు కొన్ని వున్నాయి. ఆండ్రాయిడ్ ఫోనులు ఎక్కువగా మాట్లాడేది మైక్రోసాఫ్ట్ వారు రూపొందించిన ఆర్‌ఎన్‌డిస్ అనే భాష. ఐఫోనుది వేరే భాష. రౌటరుకు ఆ భాష తెలిస్తే కార్యం జరుగుతుంది, తెలియకపోతే ఎన్ని తీగలు మార్చినా జరగదు. రౌటరు వెనక యూఎస్‌బీ రంధ్రం కనబడగానే కొనేయకండి. చాలా రౌటర్లలో ఆ రంధ్రం పెన్ డ్రైవుకో, ప్రింటరుకో మాత్రమే. దుకాణంలో “ఆండ్రాయిడ్ ఫోను టెదరింగ్ తీసుకుంటుందా?” అని అడిగి, వీలైతే మీ ఫోనే పెట్టి చూసి కొనండి. ఏసస్ వారి రౌటర్లు కొన్నింటిలోనూ, జీఎల్ ఐనెట్ వారి చిన్న ప్రయాణపు రౌటర్లలోనూ ఈ సదుపాయం వున్నది.

ఓపికగల కుర్రవాళ్లు ఇంట్లో వుంటే మరో దారి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి. దీని కథ బాగుంటుంది. 2002 ఆఖరులో లింక్‌సిస్ వారు ఒక నీలిరంగు రౌటరు అమ్మారు. దాని లోపల వున్నది లినక్స్ అని ఔత్సాహికులు కనిపెట్టారు. లినక్స్ ధర్మం ఏమిటంటే, దాన్ని వాడి వస్తువు చేసి అమ్మినవారు ఆ రాతప్రతిని అందరికీ ఇవ్వాలి. 2003లో కంపెనీవారు ఇచ్చారు. దాని మీద 2004లో మొదలైనదే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి. ఇవాళ ఎన్నో కంపెనీల రౌటర్లలో వేసుకోవచ్చు, డబ్బు ఇవ్వనక్కరలేదు. యూఎస్‌బీ రంధ్రం వుండి, జాబితాలో పేరు వున్న రౌటరయితే, దానికి ఫోను భాష నేర్పే చిన్న ప్యాకేజీలు దొరుకుతాయి. అయితే ఇది వంట రానివాడు పాకం పట్టే పని వంటిది. తెలిసినవారు పక్కన లేకుండా వున్న ఒక్క రౌటరు మీద ప్రయోగం చేయకండి.

తీగ విషయంలో చాలామంది తికమకపడతారు. మామూలు యూఎస్‌బీ తీగలో నాలుగు సన్నని తీగలుంటాయి: రెండు కరెంటుకు, రెండు సమాచారానికి. కొన్ని చవక తీగలలో కరెంటు తీగలు మాత్రమే వుంటాయి. వాటితో ఫోను చార్జి అవుతుంది గాని టెదరింగ్ మీట వెలగదు. ఫోను పాడైందని దుకాణానికి పరుగెత్తేముందు తీగ మార్చి చూడండి. అన్నట్టు ఈ యూఎస్‌బీని 1996లో లోకానికి తెచ్చినవారిలో ముఖ్యుడు అజయ్ భట్ అనే మన దేశస్థుడు. బరోడాలో చదువుకుని అమెరికా వెళ్లి ఇంటెల్‌లో పనిచేసినవారు.

మరి రెండు జాగ్రత్తలు. మొదటిది వేడి. రోజంతా పనిచేసే ఫోనును దిండు కింద, గుడ్డ కింద, ఎండ పడే గట్టు మీద పెట్టకండి. వెనక తొడుగు తీసేయండి. ఎప్పుడూ నిండుగా చార్జిలో వుండే బ్యాటరీ తొందరగా పాడవుతుంది. 80 శాతం దగ్గర ఆపే సదుపాయం మీ ఫోనులో వుంటే పెట్టుకోండి. వెనక వైపు వుబ్బినట్టు కనబడితే ఆ ఫోను ఇక వాడవద్దు. అలాగే, ఈ ఫోనులో బ్యాంకు వ్యవహారాలేవీ వుంచకండి.

రెండోది కరెంటు పోయి వచ్చినప్పుడు టెదరింగ్ ఆరిపోవడం. మళ్లీ ఎవరో మేడ ఎక్కి నొక్కాలి. ఆండ్రాయిడ్ ఫోనులు చాలావాటిలో డెవలపర్ ఆప్షన్స్ అనే అర ఒకటి దాగి వుంటుంది. అందులో డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్ అన్నచోట టెదరింగ్ ఎంచితే, తీగలో ప్రాణం రాగానే అదే మొదలవుతుంది. ఆ అరలో తక్కినవి ముట్టుకోకండి.

చిరునామా సంగతి ఒకటి వున్నది. మా చిన్నప్పుడు వీధిలో ఒకరికే టెలిఫోను వుండేది. తక్కినవాళ్లం ఆ నంబరే పి.పి. అని రాసి బంధువులకు ఇచ్చేవాళ్లం. ఉత్తరాలకు కేరాఫ్ వున్నట్టే. ఇంటర్నెట్టులోనూ అంతే. పాతరకం చిరునామాలు లోకం మొత్తానికి సుమారు 429 కోట్లే గనుక, ఫోను కంపెనీవారు ఎందరినో ఒకే చిరునామా కింద కేరాఫ్‌గా వుంచుతారు. ఆ కేరాఫ్ కింద మన ఫోను, దాని కేరాఫ్ కింద రౌటరు, దాని కేరాఫ్ కింద మన కంప్యూటరు. మనం బయటికి వెళ్లి పాఠం వినడానికి, సినిమా చూడటానికి, డబ్బు పంపడానికి ఇబ్బంది లేదు. బయటి నుంచి ఎవరైనా నేరుగా మన ఇంటి పరికరాన్ని వెతుక్కుంటూ రావాలంటే దారి తప్పుతారు. కొన్ని ఆటలకూ, కొన్ని పాతరకం కెమెరాలకూ అందుకే చిక్కు.

అన్నిటికంటె ముఖ్యం నీటి లెక్క. వైఫై కనబడగానే కంప్యూటరు, టీవీ అది తరగని గంగ అనుకుంటాయి. హెచ్‌డీలో సినిమా చూస్తే గంటకు 3 జీబీ దాకా పోతుంది. విండోస్ కంప్యూటరు తనను తాను కొత్తగా చేసుకోవడానికి చెప్పకుండా తోడేస్తుంది. అందుచేత కంప్యూటరులో ఈ వైఫైని మీటర్డ్ అని గుర్తుపెట్టండి. టీవీలో బొమ్మ నాణ్యత తగ్గించండి. చాలా రౌటర్లలో ఏ పరికరానికి ఎంత వేగం అన్న పరిమితి పెట్టవచ్చు. పాఠానికి ముందు, పాటకు తర్వాత. మీ ప్లానులో ఇట్లా పంచుకోవడానికి షరతులేమైనా వున్నాయేమో కూడా చదువుకోండి.

ఇంతకూ ఆ పల్లె పిల్ల సంగతి అడుగుతారు మీరు. ఆమెకు నేను రౌటరు చెప్పలేదు. వాళ్ల నాన్న పాత ఫోను ఒకటి అటక మీద వున్నదని ఆమే చెప్పింది. ఇంట్లో ముగ్గురు మూడు చిన్న ప్లానులు వేయించుకుంటున్నారు. వాటిలో ఒకటి మానేసి, ఆ డబ్బుకు కొంత కలిపి ఇంటి పేరన ఒక సిమ్ము పెట్టవచ్చునేమో అన్నతో మాట్లాడి చూడమన్నాను. అన్న ఒప్పుకున్నాడట. ఇప్పుడా ఫోను దేవుని గూటి పక్కన మేకుకు వేలాడుతున్నది. రౌటరు కొనేది తరవాత, డబ్బు వున్నప్పుడు.

“ఇప్పుడు వాళ్లమ్మ కూడా మధ్యాహ్నం ఏదో చూస్తున్నదట మేడం, కుట్టుపని నేర్చుకునే వీడియోలు” అని ఆమె స్నేహితురాలు చెప్పింది. ఆ తల్లికి ఇంటర్నెట్టు కావాలని ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. ఆమె అడగలేదు గనుక తెలియలేదు. అడగనక్కరలేకుండా దొరికినప్పుడు బయటపడింది. పొద్దున పోయి రాత్రి వచ్చే ఫోనును నమ్ముకుని, పగలంతా ఇంట్లో వుండే ఆడవాళ్లు ఏమేమి మానుకున్నారో ఎవరు లెక్క కట్టగలరు?

యంత్రాలు నాకు వంటబట్టిన విద్య కాదు. తీగ ఎక్కడ పెట్టాలో మా పెద్దమ్మాయి చెబుతుంది, నేను పెడతాను. కాని ఇంట్లో నలుగురికీ కావలసిన వస్తువు నలుగురికీ అందేచోట వుండాలన్నది చదువుకోకుండానే తెలిసే సంగతి. మంచినీళ్ల బిందెను ఎవరూ జేబులో వేసుకుని తిరగరు గదా! ఈ ఆదివారం తీరిక దొరికితే, మీ ఇంట్లో పాత ఫోను ఏ సొరుగులో పడివున్నదో వెతికి చూడండి. సమాచారం మోసే తీగ ఒకటి పక్కన పెట్టుకోవడం మరిచిపోకండి.